ఎర్రగుడ్డ కట్టిన పూలు

రోడ్ల ఆఫీసులో గడ్డి కోసే ట్రాక్టరు నడిపే ఆయన మెడ ఎడమవైపుకి తిరిగి ఉంటుంది. అది పుట్టుకతో వచ్చింది కాదు, ఉద్యోగంతో వచ్చింది. ట్రాక్టరుకి ఎడమపక్క పొడవాటి ఇనప చెయ్యి, దాని చివర గిర్రున తిరిగే కత్తులు ఉంటాయి. బండి ముందుకి నడపాలి, కళ్ళు పక్కకి పెట్టాలి. ఏళ్ళ తరబడి అలా చూసీ చూసీ, మెడ ఇక తిన్నగా రానని మొండికేసింది. ఊళ్ళో అందరూ ఆయన్ని పక్కచూపులాయన అంటారు. పరాయి ఆడదాన్ని కన్నెత్తి చూసిన పాపాన పోని మనిషికి ఆ పేరు పడటం ఆయన ఖర్మ. ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళు ఆ పేరు విని కొన్నాళ్ళు ఆయనకి దూరదూరంగా ఉండేవాళ్ళు. ఫొటో దిగితే పక్కన నిలబడ్డవాళ్ళ మీద ఏదో అనుమానం ఉన్నట్టు పడతాడు. పెళ్ళి ఫొటోలో మాత్రం తిన్నగా ఉన్నాడు. భార్య అప్పుడప్పుడూ దాన్ని తుడుస్తూ "ఈయనెవరో గానీ బాగానే ఉన్నాడు" అంటుంది.

ఆయనకి ఉన్న గర్వమల్లా ఒక్కటే. ఆయన కోసిన రోడ్డు అంచు అప్పుడే గీసుకున్న గడ్డంలా నున్నగా ఉండాలి. పనైపోయాక ట్రాక్టరు దిగి, అంచు వెంబడి నడిచి, ఎక్కడైనా ఒక పోచ నిక్కి కనబడితే చేత్తో పీకి మరీ ఇంటికెళ్ళేవాడు. ఆ నున్నదనాన్ని ఇంతవరకూ ఎవరూ మెచ్చుకోలేదు, ఆయనా ఎదురుచూడలేదు. పూలంటే గిట్టదనీ చెప్పలేం, అసలు వాటిని పట్టించుకుంటే కదా. ఆయన లెక్కలో మొక్కలు రెండే జాతులు: కత్తికి చుట్టుకునేవి, చుట్టుకోనివి. వసంతం రాగానే లోకమంతా ఆహా ఓహో అంటుంటే ఆయన కత్తులు సాన పట్టుకునేవాడు.

ఇక ఆయన నియమం ఒకటి చెప్పాలి. ఈ గొడవంతా దానితోనే వచ్చింది. రోడ్డు పక్క భూమిలో నీళ్ళ గొట్టమో, కరెంటు తీగో పైకి తేలి ఉంటే, సంబంధించినవాళ్ళు అక్కడ ఒక కర్ర పాతి ఎర్రగుడ్డ కడతారు. గుడ్డ ఉన్నచోట కత్తి పైకెత్తి దాటిపోవాలి. కట్టినవాళ్ళే దాన్ని తియ్యాలి, ఇంకెవరూ ముట్టుకోకూడదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి పక్కచూపులాయన గుడ్డని చూసీ చూడనట్టు పోనిచ్చి గొట్టం తెగ్గోశాడు. నీళ్ళు తాటిచెట్టంత ఎత్తు లేచి, తిన్నగా వచ్చి ఇంజనీరుగారి నెత్తినే పడ్డాయి. ఆ రోజు తిన్న చీవాట్లు ఇంకా అరగలేదు. అప్పట్నుంచీ ఎర్రగుడ్డ మాట ఆయనకి శిలాశాసనం. మలుపు దగ్గర ఎవరో ఒక గుడ్డ కట్టి తియ్యడం మర్చిపోతే, ఏటా దాని చుట్టూ జాగ్రత్తగా కోసుకుంటూ పోయాడు. ఇప్పుడక్కడ ఒక చెట్టు ఉంది. జనం దాని నీడన బస్సు కోసం నిలబడతారు.

ఇలా నడుస్తున్న సంసారంలోకి అత్తగారు దిగింది, కంటి ఆపరేషను కోసం. రెండు కళ్ళలోనూ శుక్లాలు. కొన్నేళ్ళుగా లోకమంతా మజ్జిగలోంచి చూస్తున్నట్టుందని అంటూ ఉండేది. ముందు కుడికన్నుకి చేశారు. కట్టు విప్పినరోజు ఆ కంటికి మొట్టమొదట కనబడింది అల్లుడే.

"ఏమే, మీ ఆయన మెడ నిజంగానే అలా ఉంటుందా? ఇన్నాళ్ళూ నా చూపే వంకరనుకున్నాను!" అంది కూతురితో.

తర్వాత ఇల్లు చూసింది. మూలల్లో బూజు చూసింది, గ్లాసుల మీద మరకలు చూసింది, అల్లుడి చొక్కా కాలరు తిరగేసి చూసింది. గోడకి రంగు వేసి ఎన్నాళ్ళయిందని అడిగింది. ఆ రోజు సాయంత్రానికి భార్యాభర్తలిద్దరూ ఇల్లంతా తుడిచి, కడిగి, నడుములు పట్టుకుని కూర్చున్నారు. ఒక్క కన్నుకే ఇంత ఉంటే రెండు కళ్ళూ వస్తే ఏమిటి గతి అని పక్కచూపులాయన లోలోపల వణికిన మాట నిజం.

కానీ రెండో కన్ను సంగతి నవ్వులాట కాదు. డాక్టరు గట్టిగానే చెప్పాడు. ఎండలు ముదరకముందే చేయించాలట. ఇంకా ఆలస్యం చేస్తే శుక్లం గట్టిపడిపోతుంది, తర్వాత చేసినా చూపు వస్తుందని మాట ఇవ్వలేనన్నాడు. అత్తగారు ససేమిరా అంది.

"మీ సంసారం చూడ్డానికి ఒక కన్ను చాలు. నిజం చెప్పాలంటే అదీ ఎక్కువే."

కూతురు బతిమాలింది, అలిగింది, ఏడ్చింది. తల్లి ఉలకదు, పలకదు. "మీరైనా ఒక మాట చెప్పండి" అని మొగుడి మీద పడింది చివరికి.

"నేను చెప్తే వింటారా? నా మెడ సంగతే ఇంకా తేల్లేదు ఆవిడకి" అన్నాడు ఆయన.

డాక్టరు పొద్దున్నే కాస్త నడవమన్నాడు కాబట్టి ఆవిడ నడక మొదలుపెట్టింది. ఇంటి వెనక సందు దాటితే పొలాల మధ్యనుంచి పాత రోడ్డు పోతుంది. కొత్త రోడ్డు పడ్డాక దాని మీద బండ్లు తిరగడం మానేశాయి. ఎప్పుడైనా ఒక సైకిలు, ఇంకెప్పుడైనా ఒక కుక్క, అంతే. మొదటిరోజు ఇప్పుడే వస్తానని వెళ్ళిన మనిషి పొద్దు బాగా ఎక్కాక వచ్చింది. చెప్పుల నిండా మట్టి, బట్టల నిండా అంటుకునే గింజలు, మొహం మాత్రం వెలిగిపోతోంది.

"ఏమే, ఆ రోడ్డు పక్కన ఏమున్నాయో తెలుసా నీకు?"

"గడ్డి" అంది కూతురు.

"నీ మొహం గడ్డి! పూలే, పూలు! ఇంతింత పూలు. నీలంవి అగ్గిపుల్ల తలంత ఉన్నాయి. వాటి మధ్యలో మళ్ళీ ఒక తెల్ల చుక్క. ఆ చుక్క కూడా కనబడింది నాకు!"

ఆ చుక్క కనబడిందని చెప్పేటప్పుడు ఆవిడ గొంతు కొంచెం మారింది. కూతురు గబగబా వంటింట్లోకి వెళ్ళిపోయి కళ్ళు తుడుచుకుంది.

ఆనాటినుంచి ఇంట్లో పూల కబుర్లే. పేర్లు తెలియవు కాబట్టి ఆవిడే పెట్టుకుంది, అదీ చుట్టాల పేర్లు. రోడ్డు పక్క కాలవ గట్టున ఒకదాన్నొకటి తోసుకుంటూ కిలకిలలాడే నీలం పూలు మరదళ్ళు. పక్కనున్న ప్రతి మొక్క మీదా వాలిపోయే తెల్లది చిన్నబావగారు. నిటారుగా నిలబడి ఎవరినీ లెక్కచెయ్యని ఊదారంగుది వియ్యపురాలు. ఎండెక్కాక తీరిగ్గా విచ్చుకుని, మధ్యాహ్నానికే ముడుచుకుపోయే పసుపుపచ్చది అల్లుడు.

"దాని మెడ కూడా పక్కకే ఉంటుంది బాబూ. కావాలంటే చూడండి" అంది.

పక్కచూపులాయన నవ్వి ఊరుకున్నాడు. వియ్యపురాలంటే తన తల్లే కదా అన్న సంగతి కాసేపయ్యాక గానీ ఆయనకి తట్టలేదు. అప్పటికి కోపం తెచ్చుకునే సమయం దాటిపోయింది.

కూతురు ఇదే అదననుకుంది. "రెండో కన్ను కూడా చేయించుకుంటే ఇంకా బాగా కనబడతాయి కదమ్మా" అని నెమ్మదిగా కదిపింది.

"వియ్యపురాలు ఇంకా మొగ్గ మీదే ఉంది. దాన్ని విచ్చనీ, అప్పుడు చూద్దాం" అంది తల్లి.

వద్దు అనకపోవడం అదే మొదలు. కూతురి ఆశంతా వెళ్ళి ఆ ఊదారంగు మొగ్గ మీద కూర్చుంది.

సరిగ్గా అప్పుడే ఇంజనీరుగారు పక్కచూపులాయన్ని పిలిచి పాత రోడ్డు కోసెయ్యమన్నాడు. పై ఆఫీసరు తనిఖీకి ఆ దారినే వస్తాడట. అంచులు అద్దంలా ఉండాలట. మామూలుగా అయితే ఆ మాటకి ఆయన పొంగిపోవాలి. ఈసారి కాళ్ళీడ్చుకుంటూ ఇంటికొచ్చి భార్యకి చెప్పాడు. ఆవిడ చేతిలో గరిట గిన్నెలో పడేసింది.

"కోశారంటే మా అమ్మ కన్ను పోయినట్టే. ఆ పాపం మీదే."

"కోయకపోతే నన్ను తారు కాచే జట్టులో వేస్తారే. ఈ వయసులో ఆ సెగ దగ్గర నిలబడగలనా?"

"అయితే ట్రాక్టరు పాడైందని చెప్పండి."

"పాడవ్వలేదుగా."

అదీ ఆయన తంటా. అబద్ధం ఆడటం ఆయనకి చేతకాదు. ఆడదామని నోరు తెరిస్తే చెవులు ఎర్రబడి, మాట మధ్యలోనే నిజం బయటపడిపోతుంది. అడకత్తెరలో పోకచెక్కలా అయిపోయింది పరిస్థితి. ఆ పూట భోజనాల దగ్గర ఉన్నట్టుండి గోడతో అన్నాడు:

"ఎర్రగుడ్డ కట్టి ఉంటే మాత్రం నేను ముట్టుకోను."

ఎవరూ ఏమీ అనలేదు. గోడ కూడా. కాసేపాగి మళ్ళీ అన్నాడు.

"ఎవరు కట్టారని కూడా అడగను. అడగడం నా పని కాదు."

"ఇంకాస్త వడ్డించనా?" అంది భార్య.

"ఏ గుడ్డయినా సరే, ఎర్రగా ఉంటే చాలు" అన్నాడు కొంచెం గట్టిగా. మూల కుర్చీలో అత్తగారు కళ్ళు మూసుకుని ఉంది. నిద్రపోయిందనుకున్నాడు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా అత్తగారి గురించి ఆయనకి తెలిసింది అంతే.

పొద్దున్న లేచేసరికి ముందుగదిలో కిటికీ బోసిగా ఉంది.

"పరదా ఏదే?"

"ఉతికి ఆరేశాను."

"పెరట్లో కనబడలేదే?"

"మీకు అటుపక్క కనబడదుగా" అంది భార్య, ఆయన మొహం చూడకుండా.

ఆయన ఇంకేమీ అడగకుండా ట్రాక్టరు తీసుకుని వెళ్ళాడు. పాత రోడ్డు తిరిగేసరికి కర్రలు. చీపురు కర్రలు, గొడుగు ఊచలు, ఆయన పెరట్లోని పాదుకి కట్టిన పుల్లలు. ప్రతిదానికీ ఒక ఎర్రగుడ్డ పీలిక. మరదళ్ళకి రెండు, చిన్నబావగారికి ఒకటి, అల్లుడికి ఒకటి, వియ్యపురాలికి నాలుగువైపులా నాలుగు. ఆయన బండి ఆపాడు. సంతోషం వేసింది. సంతోషం వేసినందుకు సిగ్గు కూడా వేసింది. గుడ్డ ఉంటే కోయకూడదని నియమం చెబుతోంది. గుడ్డ ఎవరింటి కిటికీదో కనుక్కోమని ఎక్కడా చెప్పలేదు. ఇలా తనకి తాను రెండుసార్లు నచ్చజెప్పుకుని పని మొదలుపెట్టాడు. నాలుగడుగులు కోయడం, కత్తి ఎత్తడం, దాటించడం, మళ్ళీ దించడం. మధ్యాహ్నానికి రోడ్డు అంచు సగం క్షవరంలో కుర్చీలోంచి లేచి పారిపోయిన మనిషిలా తయారైంది.

అంత నెమ్మదిగా ఆయన ఆ దారిన ఎప్పుడూ పోలేదు. అందుకని ఎప్పుడూ చూడనివి చూడాల్సి వచ్చింది. పసుపుపచ్చ పువ్వు దగ్గర కత్తి ఎత్తినప్పుడు, చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకుని, బండి దిగి వంగి చూశాడు. మెడ పక్కకే ఉంది. పోలిక లేకపోలేదు అనుకున్నాడు.

మర్నాటికి గుడ్డలు ఎక్కువయ్యాయి. మేకలు కాసుకునే ముసలాయన మంచి గడ్డి ఉన్నచోటల్లా ఒకటి కట్టాడు. రిటైరైన మాస్టారు తన కంచె ఏటా కొంచెం కొంచెంగా రోడ్డు మీదికి జరిగిన సంగతి కనబడకుండా ఉండాలని కంచె పొడవునా కట్టాడు. ఆయన కట్టినవి గులాబీరంగు. గులాబీరంగు ఎరుపు కిందికి వస్తుందా రాదా అని పక్కచూపులాయన ఇంజను ఆపి మరీ ఆలోచించాడు. ఉతికి ఉతికి వెలిసిపోయిన ఎరుపే అయి ఉంటుందని తేల్చుకుని కత్తి ఎత్తాడు.

ఇంజనీరుగారు చూడ్డానికి వచ్చి గుండె పట్టుకున్నాడు. ఈ రోడ్డు కింద ఇంత ప్రమాదం ఉందా! పరుగున పోయి నీళ్ళవాళ్ళని అడిగాడు. మావి కావు, కరెంటువాళ్ళవేమో అన్నారు. కరెంటువాళ్ళు టెలిఫోనువాళ్ళ మీదికి తోశారు. టెలిఫోనువాళ్ళు ఆ రోడ్డు ఎక్కడుందని అడిగారు. మాది కాదు అన్నవాళ్ళే అందరూ. తీసెయ్యండి అన్నవాడు మాత్రం ఒక్కడూ లేడు. పిల్లి మెడలో గంట ఎవడు కడతాడు? పైగా నీళ్ళ ఆఫీసులో ఒక జాగ్రత్తపరుడు, ఎందుకైనా మంచిదని, మనిషిని పంపి ఇంకో రెండు కట్టించాడు.

ఈలోగా వియ్యపురాలు విచ్చింది. అత్తగారు వచ్చి పెద్ద వార్తలా చెప్పింది. "మరి డాక్టరు దగ్గరికి వెళ్దామా?" అంది కూతురు. చిన్నబావగారు ఇంకా పూర్తిగా విచ్చలేదు, ఆయన్నీ చూడనీ అంది తల్లి. చిన్నబావగారయ్యాక మరదళ్ళ రెండో విడత మొగ్గలు. ఒకదాని వెనక ఒకటి, పూలు అయ్యేట్టు లేవు, ఆపరేషను అయ్యేట్టు లేదు. పక్కింటివాళ్ళు అప్పుడే కుండ నీళ్ళు తాగుతున్నారు. ఎండలు ముదురుతున్నాయని కూతురు రోజూ ఆకాశం వంక చూసి నిట్టూర్చేది. అత్తగారు పూలని చూడ్డం లేదు, పూల వెనక దాక్కుంటోందని పక్కచూపులాయనకి నెమ్మదిగా అనుమానం తగిలింది.

తనిఖీ రోజు రానే వచ్చింది. పై ఆఫీసరు కారు దిగి, ఆ చివరనుంచి ఈ చివరిదాకా రెపరెపలాడుతున్న గుడ్డలు చూసి, ఇవెవరివని అడిగాడు. ఇంజనీరుగారు మూడు శాఖల పేర్లు ఒకే ఊపిరిలో చెప్పాడు. ఆఫీసరు వంగి ఒక కర్ర పీకాడు. గుడ్డ అంచున పరదా రింగు ఒకటి కుట్టి ఉంది, తళతళా మెరుస్తోంది.

"ఇది ఏ శాఖదండీ?" అన్నాడు.

ఇంజనీరుగారు పక్కచూపులాయన వైపు చూశాడు. పక్కచూపులాయన చెవులు అప్పటికే ఎర్రబడ్డాయి.

"మా ముందుగది పరదా అండీ అది."

ఇంజనీరుగారు కళ్ళు మూసుకున్నాడు.

"మీ ఇంటి పరదా రోడ్డు మీద ఏం చేస్తోంది?"

"మా అత్తయ్యగారికి కంటి ఆపరేషనండీ" అన్నాడు, అంతా విడమరిచి చెప్పినట్టు. ఆఫీసరు మొహం చూశాక, ఇంకా చెప్పాలని అర్థమై, మొదటినుంచీ చెప్పుకొచ్చాడు. భోజనాల దగ్గర గోడతో అన్న మాటలు కూడా దాచలేదు.

ఆఫీసరు రింగుని వేళ్ళతో తిప్పాడు.

"అత్తగారు మీ దగ్గరే ఉంటారా?"

"ప్రస్తుతానికండీ."

"మా ఇంట్లోనూ ప్రస్తుతానికే. పదకొండో ఏడు" అన్నాడు ఆఫీసరు. తర్వాత గొంతు సవరించుకుని మళ్ళీ ఆఫీసరైపోయాడు. "ఎల్లుండి సాయంత్రానికల్లా ఈ గుడ్డలన్నీ తీసి, మొత్తం కోసి ఉండాలి. ఇంకోసారి ఇలాంటిది జరిగితే తారు జట్టే." కారెక్కాక అద్దం దించి, "రేపొక్కరోజు ఉంది. ఆవిణ్ణి పూలు చూసుకోమనండి" అన్నాడు.

పక్కచూపులాయన ఇంటికెళ్ళి, భార్యతో చెప్పించకుండా, తనే చెప్పాడు. అత్తగారు గుమ్మంలో కూర్చుని చెప్పులకంటిన మట్టి పుల్లతో గీకుతోంది.

"ఎల్లుండి కోసేస్తాను అత్తయ్యా. ఇక తప్పదు."

"సరే బాబూ" అంది ఆవిడ.

అంతే. మెడ మీద ఒక విసురు లేదు, ఇంటి మీద ఒక ఎత్తిపొడుపు లేదు. ఆ ఉత్త 'సరే' వినేసరికి ఆయనకి భయం వేసింది.

మర్నాడు ఆవిడ నడకకి బయల్దేరితే ఆయనా వెంట వెళ్ళాడు. ఆవిడ ఏ పువ్వు దగ్గరా ఎక్కువసేపు ఆగలేదు. వియ్యపురాలి దగ్గరికి వచ్చాక మాత్రం నిలబడిపోయింది. 

"బల్ల మీద పడుకోబెట్టి మొహం నిండా గుడ్డ కప్పారు బాబూ" అంది, పువ్వు వంకే చూస్తూ. "కదలొద్దన్నారు. కదిలితే కన్నే పోతుందన్నారు. నేను ఊపిరి కూడా సరిగ్గా తియ్యలేదు. ఎంతసేపో తెలీదు. లోపల ప్రాణం కొట్టుకుంటోంది. మళ్ళీ నా వల్ల కాదు. ఈసారి కదిలిపోతాను, నాకు తెలుసు. అమ్మాయితో చెప్పలేదు. ఇన్నాళ్ళూ అందరినీ దబాయించి బతికినదాన్ని, భయమని ఎలా చెప్పను?"

ధైర్యం చెప్పాలని ఆయనకి తెలుసు. ఎలా చెప్పాలో తెలియలేదు.  ఆవిడే అడిగింది.

"రేపు కోశాక ఇవన్నీ చచ్చిపోతాయా?"

ఇది మాత్రం ఆయనకి బాగా తెలిసిన సంగతి. అందులోనూ ఎన్నేళ్ళుగానో మనసులో రగులుతున్న సంగతి.

"చస్తే ఇంకేం కావాలి అత్తయ్యా! చేరిన ఏడాది మొదలంటా కోశాను, మళ్ళీ వచ్చాయి. ఆ పైయేడు నేల గీరుకుపోయేట్టు కోశాను, ఇంకా ఒత్తుగా వచ్చాయి. వర్షాలు లేని ఏడు కూడా వచ్చాయి. నా జుట్టు ఊడిపోయింది, ట్రాక్టరు రెండుసార్లు మారింది, ఇవి మాత్రం ఒక్క ఏడు, కనీసం మొహమాటానికైనా, రాకుండా ఉన్నాయా? సిగ్గులేని జాతి!"

ఆయన నిజంగా గోడు చెప్పుకుంటున్నాడు. అత్తగారికి ముందు పెదవి కొసన వచ్చిన నవ్వు, పొట్ట పట్టుకునేదాకా పోయింది.

"వియ్యపురాలు కూడానా?"

"అందరికంటే ముందు మొలిచేది ఆవిడే. వేరు పారతో తవ్వినా తెగదు."

ఆవిడ నవ్వు ఆగాక, బాగున్న కన్నుని అరచేత్తో మూసి, రెండో కన్నుతో ఆ పువ్వు వంక చూసింది. చాలాసేపు చూసింది. ఏమీ కనబడలేదని మొహం చూస్తే తెలిసిపోతోంది.

"వచ్చే ఏటికి ఇవొస్తాయి, ఈ కన్ను మాత్రం ముదిరిపోతుందన్నాడు కదూ డాక్టరు?"

"అన్నాడండీ."

"నేను పడుకున్నప్పుడు బల్ల పక్కన ఉండనిస్తారా నిన్ను? చెయ్యి పట్టుకోడానికి?"

పెళ్ళయిన నాటినుంచి ఆయన్ని మీరు అంటూ వచ్చిన మనిషి. 

"అడుగుతాను అత్తయ్యా" అన్నాడు.

"అడక్కు. అడిగితే వద్దంటారు. వచ్చి నిలబడు."